నీటిపై తేలు ఇటుక



విమానమను మాటకు మన భాషలో రెండర్థములు గలవు. గర్భగృహముపై లేచిన కట్టడమును విమానమందురు. ఆకాశమున నెగురు యంత్రమును గూడ విమానమే యందురు. విజ్ఞానశాస్త్ర విద్యార్థినగు నాకు వింతలన్న నెంత మక్కువయో, రాబోవు కాలపు యంత్రములన్నను అంత మక్కువ. ఈ రెంటికిని నడుమ మా ప్రాంతమున నొక ఇటుక యున్నది. దాని కథయే నేటి నా ప్రసంగము.

మా టేకుమట్ల జయశంకర్ భూపాలపల్లి జిల్లాలోనిది. 2016వ సంవత్సరమున ఆ జిల్లా యేర్పడినపుడు పాలంపేట గ్రామము గూడ నందే యుండెను. 2019లో ములుగు జిల్లా వేరుపడగా నందు చేరినది. కాకతి గణపతిదేవుని సేనానియైన రేచర్ల రుద్రుడు 1213వ సంవత్సరమున పాలంపేటలో రుద్రేశ్వరుని ప్రతిష్ఠించెను. ఆ యాలయమునే జనులు రామప్పగుడి యందురు. గులాం యజ్దానీగారు 1922లో పాలంపేట దేవాలయములను గూర్చి యొక గ్రంథము ప్రకటించిరి. 2021లో యునెస్కో వారు దీనిని ప్రపంచ వారసత్వ స్థలముల పట్టికలో జేర్చిరి. గుడిగోడలు ఎర్రని ఇసుకరాతివి. స్తంభములకు పైని మదనికలు నల్లరాతివి. శిఖరమున నున్న విమానము మాత్రము ఇటుకకట్టు. ఆ ఇటుక నీట వేసిన మునుగదు.

ఈ మాట వినినంతనే మనవారు రెండు విధములుగా పలుకుదురు. పూర్వులకు తెలియని విద్య లేదు, నేటి శాస్త్రమంతయు వారి యెంగిలియే యని కొందరందురు. ఇది పుక్కిటి పురాణమని మరికొందరు త్రోసివేయుదురు. ఎవరి మాట వినినను విచారణ యక్కడనే యాగిపోవును. కావున ముందుగా కొంచెము లెక్క చూతము.

నేడు కట్టడములలో వాడు ప్రమాణపు ఇటుక పొడవు 19 సెంటీమీటర్లు, వెడల్పు 9, ఎత్తు 9. దాని ఘనపరిమాణము సుమారు ఒకటిన్నర లీటరు. బరువు సుమారు 3 కిలోలు. నీటిలో వేసినపుడు అది తొలగించు నీటి బరువు ఒకటిన్నర కిలోయే. కావున మునుగును. అదే కొలతగల ఇటుక తేలవలెనన్న ఒకటిన్నర కిలోకు లోపుగా తూగవలెను. కాల్చిన మట్టి, నడుమ ఖాళీ లేకున్నచో, నీటికన్న సుమారు రెండున్నర రెట్లు బరువుండును. ఈ లెక్కను బట్టి, తేలు ఇటుకలో నూటికి 60 పాళ్లకు మించి ఖాళీ యుండి తీరవలెను. అనగా ఆ విమానములో మట్టికన్న గాలియే యెక్కువ!

ఇంత గాలి యేల? ఖాళీలు పెరిగినకొలది ఇటుక బలము తగ్గును. అందుచే బరువు మోయు గోడలకును స్తంభములకును రాతినే వాడి, మోయబడు విమానమునకు తేలిక ఇటుకను వాడిరి. గుడి పునాదియో, ఇసుకతో నింపిన గోయి. అట్టి పునాదిపై నిలిచిన కట్టడమునకు శిరోభారము తగ్గించుట యెంతటి ముందుచూపో యోచింపుడు. వింతకొరకు చేసిన పని కాదిది. బరువులెక్క యెరిగినవారి పని.

ఇట్టి ఇటుక మన దేశమునకే ప్రత్యేకము గాదు. క్రీస్తునకు పూర్వము మొదటి శతాబ్దిలో విట్రూవియస్ అను రోము వాస్తుశాస్త్రజ్ఞుడు, ఆసియా మైనరులోని పిటానె పట్టణమునను, స్పెయిన్‌లో కొన్నియెడలను చేసిన ఇటుకలు ఆరిన పిదప నీటిపై తేలునని వ్రాసెను. అచటి మన్ను నురుగురాయివలె నుండుటయే కారణమనియు తెలిపెను. ఆ విద్య పిదప లోపించినది. 1791 ప్రాంతమున ఫ్లారెన్సు నగరపు శాస్త్రజ్ఞుడు జొవాన్ని ఫబ్రోని, ప్రాచీనుల వ్రాతలను మనసునందుంచుకొని, టస్కనీలోని సాంతఫియోరవద్ద దొరకు తేలికైన తెల్లని మట్టితో తేలు ఇటుకలను మరల చేసెను. నాలుగు పంక్తుల వ్రాత మిగిలియుండుటచేతనే పదునెనిమిది వందల యేండ్లకు పిమ్మట ఆ ప్రయోగము సాధ్యమైనది.

మన పాలంపేట శాసనము దేవుని పేరును, దాత పేరును, వంశమును దానములను చెప్పును. మన్ను పిసికిన వాని పేరును, వాడు కలిపిన పాళ్లను చెప్పదు. ఇదియే నన్ను బాధించు విషయము. గుడి నిలిచినది, గుడిని తేలిక పరచిన విద్య నిలువలేదు.

ఇక రెండవ యర్థముగల విమానము మాట. వైమానిక శాస్త్రమను పుస్తకమును చూపి, మన ఋషులు ఆకాశయానములు నిర్మించిరని చెప్పువారు కలరు. 1974లో బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్సుకు చెందిన యైదుగురు పండితులు ఆ గ్రంథమును పరిశీలించి, అది 20వ శతాబ్దిలో పుట్టినదేయనియు, అందు వర్ణించిన యంత్రములు ఎగురజాలవనియు తేల్చిరి. కాగితముపై విమాన మెగురలేదు. ఇటుక విమానము తేలుచున్నది. గర్వించుటకు మనకు కల్పన యక్కరలేదని నా భావము.

ఖాళీని పనిముట్టుగా వాడు విద్య నేటి శాస్త్రమున మిక్కిలి పెరిగినది. 1920 దశకమున స్వీడన్ దేశపు ఆక్సెల్ ఎరిక్సన్, సున్నపు ముద్దలో అల్యూమినియము పొడి కలిపి, పుట్టిన వాయువుచే దానిని పొంగించి, ఆవిరిలో ఉడికించి తేలికదిమ్మెను సాధించెను. హైదరాబాదు మేడలలో గోడలకు వాడు ఏఏసీ బ్లాకు దాని సంతతియే. అదియు నీట తేలును. 1981లో మొదటిసారి అంతరిక్షమునకు లేచిన అమెరికా వ్యోమనౌక కొలంబియాకు మంటనుండి రక్షణగా 20,000కు పైగా పలకలు అంటించిరి. వానిలో పెక్కింటియందు నూటికి 90 పాళ్లకు మించి ఖాళీయే. 1931లో శామ్యూల్ కిస్లర్ ప్రకటించిన ఏరోజెల్ అంతకన్నను చిత్రమైనది. దానితో స్టార్‌డస్ట్ అను నౌక తోకచుక్కధూళిని పట్టి 2006లో భూమికి చేర్చినది. ఇవి పాలంపేటనుండి పుట్టినవని నేననను. అక్కడను ఇక్కడను పనిచేయు సూత్ర మొక్కటియే యని మాత్రమందును. భేదమేమనగా, వీనిని చేసినవారు పాళ్లు వ్రాసియుంచిరి.

కావున నాతోటి విద్యార్థులకు నా మనవి యొక్కటి. గుడి రక్షిత కట్టడము. అచటి ఇటుకను కదలింపరాదు. అయినను మన యూళ్లలో ఇటుకబట్టీలు గలవు, ఊక గలదు. మట్టిలో ఊక పాళ్లు మార్చి చిన్న చిన్న ఇటుకలు చేయుడు. కాల్చినపుడు ఊక బూడిదయై ఖాళీలు మిగులును. ఆరినపిదప తూచుడు, నీట వేయుడు. తేలెనా యని యూరకొనక, ఎంతసేపు తేలెనో గడియారముతో చూడుడు. ఖాళీలు ఒకదానితో నొకటి కలిసియున్నచో నీరు చొచ్చి మునుగును. మూసికొనియున్నచో చాలసేపు తేలును. మరల తూచి, ఎంత నీరు త్రాగినదో లెక్కవేయుడు. ఎంత బరువు మోసి పగిలెనో చూడుడు. బట్టీలో పనిచేయు పెద్దల నడిగి, ఏ చెరువు మన్ను దేనికి పనికివచ్చునో తెలిసికొనుడు. వారి లెక్కలన్నియు నోటిలోనే యున్నవి, వారితోనే పోవుచున్నవి.

అవి యన్నియు తేదీతో సహా పుస్తకమున వ్రాయుడు. చెడిపోయిన ఇటుకల లెక్క గూడ విడువకుడు. ఎనిమిది వందల యేండ్లకు పిమ్మట మరియొక విద్యార్థి వచ్చి యడిగిన, వానికి చూపుటకు పాళ్లైనను మిగులవలెను.