పాలారు సీమలో పశువుల వన్నె

వేలూరునకు పడమట, బెంగుళూరు రాజమార్గము చెంతనున్న పొయిగై గ్రామమున మంగళవారముల జరుగు పశువుల సంతకు గుడియాత్తము వారేగాక పలమనేరు కనుమ దిగి తెలుగు రైతులును వచ్చుచుందురు. 1911లో చిత్తూరు జిల్లా యేర్పడి, పలమనేరు, పుంగనూరు ఉత్తరార్కాటినుండి వేఱుపడినను, పశువులకు జిల్లా సరిహద్దులు లేవు గదా! కొనువాఁడు పండ్లు పట్టి చూచి, సుడులు వెదకి, పిదప వన్నెను విచారించును: పుల్ల కోడె, మైల యెద్దు, కర్రి యావు, బొల్లి దూడ. ఆ పశువే కాలాంతరమున తోలై పేర్నాంబట్టు కార్ఖానా చేరినచో, సున్నపు తొట్టిలో వెండ్రుక లూడి వర్ణభేద మంతయు నశించును. తోలు పదను పెట్టువానికి పుల్లయు కర్రియు నొక్కటియే.

బ్రదికియున్న పశువునకు మాత్ర మది యొక్కటి కాదు. మే నెలలో నలువది డిగ్రీలు దాఁటు వేలూరి యెండలో తెల్లని రోమము కాకను త్రిప్పికొట్టగా, దాని క్రింది నల్లని చర్మము సూర్యకిరణముల తీక్ష్ణతనుండి దేహమును కాచును. ఒంగోలు, కంగాయము జాతులకు ప్రకృతియు, తరతరముల రైతుల యెంపికయు గూడి యిచ్చిన కవచ మిది. 1970లో క్షీరవిప్లవ మారంభమైన పిదప, తమిళనాటి విధానము మైదానములకు జెర్సీని, కొండసీమలకు ఫ్రీజియనును నిర్దేశించినను, అధికక్షీరాశచే నలుపుతెలుపుల సంకరపశువులు పాలారు తీరమునకును దిగివచ్చి, వేసవిలో రొప్పుచు మేఁతమాని, పాలు తగ్గించుచున్నవి.

ఈ దుఃఖమునకే న్యూజిలాండు శాస్త్రజ్ఞులు జన్యుసవరణమున నొక మార్గము వెదకిరి. రోమమునకు రంగునిచ్చు కణములలో వర్ణద్రవ్యము పేరుకొనుట కాధారమగు తంతువులను నిర్మించు జన్యువు పీమెల్. స్కాట్లండు హైలాండు, గాలోవే జాతులలో దానియందు మూఁడక్షరములు లోపించుటచే రోమము పలుచని వన్నె దాల్చును. ఆ లోపమునే వారు ఫ్రీజియను కణములలో క్రిస్పర్ కత్తెరతో కలిగింపఁగా, పుట్టిన దూడల నల్లమచ్చలు వెండిబూడిద రంగునకు దిగినవి. సంకరముచే నెన్నో తరములు పట్టు పని యొక్క తరమున నెరవేరుట నిస్సంశయముగా ఘనకార్యమే.

అయినను, రోమపు రంగు మాఱినంతమాత్రమున చెమటోడ్చు చర్మము, వదులైన గంగడోలు, అల్పగ్రాసముతో నిలుచు జీర్ణశక్తి రావు. ఇవన్నియు నొక్కచో నున్నవి మన నాటుపశువులందే. తెలుపు, బూడిద, గోధుమ వన్నెల పుంగనూరు పొట్టి యావులు గుడియాత్తమునకు కనుమ కావలనే పుట్టినవి; నశింపనున్న యా జాతిని పలమనేరు పశుపరిశోధన కేంద్రము పోషించుచున్నది. పాడిరైతులారా, సంతలో నాటు కోడెదూడలను కోఁతకు తోలకముందు, వానిలో మంచి లక్షణములు గలదానిని ఊరికొకటియైనను విత్తన కోడెగా నిలుపుకొనుఁడు.