చెరువు, నేల, రాజ్యం: కాకతీయ సీమ అనుభవం

నాగరికతలు నదీతీరాలలో పుట్టాయన్న వాక్యం మన పాఠ్యపుస్తకాలలో స్థిరపడిపోయింది. సింధు, నైలు లోయల విషయంలో అది సత్యమే. అదే కొలబద్దతో తెలుగు నేలను కొలిస్తే మాత్రం కృష్ణా, గోదావరీ డెల్టాలు చరిత్రకు కేంద్రంగానూ, ఎగువనున్న మెట్టసీమ దాని అంచుగానూ కనిపిస్తాయి. కానీ తెలుగు ప్రాంతాలలో అధికభాగాన్ని ఏలిన కాకతీయులు ఆ మెట్టసీమ నుంచే ఎదిగారు. అనుమకొండ, ఓరుగల్లు ఏ మహానది ఒడ్డునా లేవు.

ఓరుగల్లు సీమలో అడుగున గ్రానైటు, నైసు శిలలు. వాటిపై చాలాచోట్ల పలుచని ఎర్ర చల్కలు. వర్షం ప్రధానంగా నైరుతి రుతుపవనాలదే. వానలు వెనుదిరిగాక వాగులు ఎండిపోతాయి. గోదావరి దూరాన పల్లంలో పారుతుంది. ఆ నీటిని ఎగువ పొలాలకు ఎత్తే సాధనం ఆనాడు లేదు. వ్యవసాయానికి ఇవన్నీ లోపాలే. అయితే ఈ ఎగుడుదిగుడు నేలలోనే గుట్టకూ గుట్టకూ నడుమ సందును కట్టతో మూస్తే నీరు నిలుస్తుంది. సులభంగా ఇంకనివ్వని శిలే అప్పుడు ఉపకరిస్తుంది. కట్టకు కావలసిన రాయీ అక్కడిదే. రామప్ప, పాఖాల, లక్నవరం చెరువులు ఇలా ఏర్పడినవే. పై చెరువు మత్తడి దూకిన నీరు కింది చెరువుకు చేరే గొలుసుకట్టు పద్ధతి కూడా ఈ వాలు ఇచ్చిన వరమే.

ఇక్కడే ఆగితే చరిత్రను భూగోళమే నడిపించిందనిపిస్తుంది. కానీ ఈ గుట్టలూ వాగులూ శాతవాహనుల కాలంలోనూ ఉన్నవే. పెద్ద చెరువుల నిర్మాణం 12, 13 శతాబ్దాలలో ఎందుకు ఊపందుకుంది?

శాసనాలలోని దాతల పేర్లు సమాధానాన్ని సూచిస్తాయి. కేసరి తటాకాన్ని మొదటి ప్రోలరాజు తవ్వించాడు. పాలంపేటలో 1213 నాటి శాసనం సేనాని రేచర్ల రుద్రునిది. పాఖాల కట్ట జగదల ముమ్మడిది. బయ్యారం చెరువు గణపతిదేవుని సోదరి మైలాంబ వేయించినది. అంటే రాజుతో పాటు సేనానులు, నాయకులు, రాజకుటుంబ స్త్రీలు కూడా నిర్మాతలే. మహానదికి ఆనకట్ట వేయడం మహారాజ్యానికే భారం. వాగుకు కట్ట వేయడం ఒక నాయకుని స్తోమతకు అందే పని. చెరువు కింద సాగైన కొత్త భూమి ఆ నాయకునికి ఆదాయాన్నీ, దాని పక్కన వెలసిన గుడి కీర్తినీ ఇచ్చాయి. భారీ నీటిపారుదల నిరంకుశ కేంద్రాధికారాన్ని పెంచుతుందన్న విట్‌ఫోగెల్ వాదం (1957) ఈ సీమకు అతకదని నా అభిప్రాయం. ఇక్కడి నీరు చెదిరి ఉంది, అధికారమూ అలాగే చెదిరి ఉంది.

భూగోళానికీ మనిషికీ గల ఈ పొత్తును తరువాతి శతాబ్దపు శాసనమొకటి సూటిగా చెబుతుంది. కడప సీమలోని పోరుమామిళ్ళలో విజయనగర రాకుమారుడు భాస్కర భవదూరుడు 1369లో వేయించిన ఈ సంస్కృత శాసనం, వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండేళ్ళు శ్రమించిన సంగతిని నమోదు చేసింది. అంతకన్నా విలువైనది అందులోని పన్నెండు తటాకాంగాల పట్టిక. గట్టి నేల, తియ్యని నీటి నది, కొండ, దగ్గరలో రాతిగని ఉన్న ఆ పట్టికలోనే ధర్మపరుడైన రాజు, జలశాస్త్రం తెలిసిన పండితుడు, పనితనమున్న కూలీలు కూడా ఉన్నారు. ప్రకృతికి ఒక జాబితా, మానవునికి మరొకటి శాసనకర్త వేయలేదు. ఆ వెంట చెప్పిన ఆరు దోషాలలో కట్ట ఊట, చవుడు నేల వంటివి ఊహించదగినవే. వాటి నడుమ మరొక దోషం ఉంది: చెరువు రెండు రాజ్యాల సరిహద్దులో ఉండడం. కొండ, వాగు, రాయి అన్నీ అమరినా అలాంటి చోటు శాసనకర్త దృష్టిలో చెరువుకు పనికిరాదు.