గడ్డిలో కప్ప, బురదలో రేకు

శనివారం రాత్రి ఎనిమిదిన్నర. అమీర్‌పేట మెట్రో మెట్లు దిగుతున్నారు. రెడ్ లైనూ బ్లూ లైనూ కలిసేది ఇక్కడే కాబట్టి ఎటు చూసినా భుజానికి బ్యాగున్న జనమే. మైత్రీవనం వైపు నడుస్తుంటే చేతిలోకి కరపత్రాలు వచ్చి పడతాయి: జావా, డేటా సైన్స్, ఉచిత డెమో. ఒకటి మడిచి జేబులో పెట్టుకోండి. హుక్కుల మొనలకు చుట్టడానికి పనికొస్తుంది.

మిర్చి బండి దాటి సందులోకి తిరిగితే చేపల అక్క ఇంకా దుకాణం కట్టెయ్యలేదు. బొచ్చె, రోహు ఐసు మీద పడుకుని ఉన్నాయి. కొర్రమట్టలు మాత్రం నీలం టబ్బులో ప్రాణంతో ఉన్నాయి. పైన వల కప్పి, అది లేవకుండా రాయి పెట్టింది.

"చూసుడేనా, తీస్కునుడు ఉన్నదా?"

"రేపు నేనే పట్టుకొస్తనక్కా."

"గట్లన్నోళ్లందరు ఆదివారం పొద్దుమీకి నా తానకే వస్తరు."

నవ్వి ఊరుకోండి గానీ టబ్బు మీంచి చూపు తిప్పకండి. ఒక నల్లటి తల మెల్లగా పైకొస్తుంది. 'గుబుక్'మని ఒక గుక్క గాలి మింగి అడుక్కు జారిపోతుంది. కాసేపటికి ఇంకొకటి. కొర్రమట్టకు మొప్పలు ఒక్కటే చాలవు, తలలో గాలి పీల్చుకునే అర వేరే ఉంటుంది. అందుకే మిగతా చేపలు ఉక్కిరిబిక్కిరయ్యే గడ్డి నీళ్లలో ఇది కాపురం పెడుతుంది, అంగడిలో ఇంతసేపు బతికుంటుంది. 2016లో తెలంగాణ దీన్ని రాష్ట్ర చేపగా ప్రకటించింది. మృగశిర కార్తెకు నాంపల్లి ఎగ్జిబిషన్ మైదానంలో బత్తిని వారి చేప ప్రసాదంతో గొంతులోకి జారేదీ ఈ జాతి పిల్లే. గాలం పట్టేవాడికి కావలసిన మాట మాత్రం ఒక్కటే. ఎంత దాక్కున్నా ఇది గాలి కోసం పైకి రాక తప్పదు, వచ్చినప్పుడు చోటు చెప్పేస్తుంది.

హాస్టల్ మిద్దె మీదికి ఎక్కారు. పంజాగుట్ట వైపు ఫ్లైఓవర్ దీపాలు. నీళ్ల ట్యాంకు పక్కన పెట్టె తెరిచారు. ఇందులో ఉన్నవన్నీ అమెరికా వాళ్లు బాస్ చేపకు వాడే లూర్లే, అంటే ఉత్తుత్తి ఎరలే. బాస్ మన చెరువుల్లో లేదు. అయినా దాని బుద్ధీ కొర్రమట్ట బుద్ధీ ఒకటే: చాటున పొంచి ఉండడం, దగ్గరికొచ్చిన దాని మీద ఒక్కసారిగా పడడం. ఏ లూరు అని అడిగే ముందు రేపటి నీళ్లెలా ఉంటాయో అడగండి. తొలి వానలు పడ్డాయి. ఒక వైపు వాగు నుంచి ఎర్రనీళ్లు దిగుతుంటాయి. ఇంకో వైపు తామరాకు, తుంగ, గుర్రపుడెక్క.

మూతి కింద ప్లాస్టిక్ నాలుక ఉన్నది క్రాంక్‌బెయిట్. నాలుక పొడవైతే లోతుకు దిగుతుంది, పొట్టిదైతే పైపైన ఈదుతుంది. పొట్ట కింద మూడు కొనల హుక్కులు. గడ్డి చెరువులో మొదటి విసురుకే గంపెడు నాచు తెస్తుంది. రాళ్ల గట్టున్న పెద్ద జలాశయానికి వెళ్లేనాడు తీద్దాం, పక్కన పెట్టండి.

రబ్బరు పురుగు. 1949లో ఒహాయోలోని ఏక్రన్‌లో నిక్ క్రీమ్ అనే ఆయన అచ్చు పోసిన సరుకు, బాస్ వేటనే మార్చేసింది. దారానికి తూటా ఆకారపు సీసం ఎక్కించి, హుక్కు మొనను పురుగు ఒంట్లోనే దాచి పెడితే టెక్సాస్ రిగ్. ఎండ ముదిరి చేప అడుగున నీడ పట్టినప్పుడు మెల్లగా జార్చడానికి. ఒక పొట్లం సంచిలో వేయండి.

బోలు కప్ప. నొక్కితే చప్పబడే మెత్తటి ఒళ్లు. రెండు హుక్కులు ఒంటికి అతుక్కుని పైకి చూస్తుంటాయి కాబట్టి ఆకుల మీద ఈడ్చినా తగులుకోవు. దవడల మధ్య ఒళ్లు నలిగినప్పుడే మొనలు బయటపడతాయి. ఇది తప్పనిసరి. దీనికి 40 పౌండ్ల అల్లిక దారం చుట్టండి. సాగని దారమైతేనే గడ్డిని కోసుకుంటూ చేపను లాక్కొస్తుంది.

చివరిది స్పిన్నర్‌బెయిట్. వంచిన తీగ, ఒక కొసన కుచ్చు కట్టిన హుక్కు, ఇంకో కొసన గిర్రున తిరిగే రేకు. కోలగా ఆకులా ఉండే రేకు మెరుపు ఎక్కువిస్తుంది, తేటనీళ్లకు అది. గుండ్రటి రేకు అదురు ఎక్కువిస్తుంది. బురదనీళ్లలో కన్ను పనిచేయదు, చేప పక్కల వెంట ఉన్న గీత ఆ అదురును పట్టేస్తుంది. గుండ్రటిది తీసుకోండి.

ఇప్పుడు చెయ్యి సాధన. మూలన ఖాళీ పెయింట్ డబ్బా. హుక్కు లేని సీసపు గుండు కట్టి, బట్టల తీగల కిందుగా పక్కవాటంగా విసరండి. రేపు చెరువు మీదికి వంగిన తుమ్మకొమ్మలు ఇంత ఎత్తులోనే ఉంటాయి. గుండు డబ్బా దగ్గరికి రాగానే దారాన్ని వేలితో ఆపాలి. టంగుమంటే ఎక్కువైనట్టు. చప్పుడు లేకుండా పడాలి.

"సెల్ఫోన్‌లో కోడింగ్ క్లాసు వింటున్నా అన్నా, కొంచెం ఆపు" అంటాడు మెట్ల మీది కుర్రాడు. ఆపండి, నాలుగింటికి లేవాలి.

తెల్లవారుజామున పంజాగుట్ట రోడ్డు మీద బండి దానంతటదే పోతున్నట్టుంటుంది. నిమ్స్ ముందు రోగుల తాలూకు వాళ్లు టీ తాగుతున్నారు. పేరులో మాత్రమే చెరువు మిగిలిన మాసాబ్ ట్యాంక్, మెహదీపట్నం, తర్వాత చేవెళ్ల దారి.

చెరువు మత్స్యకారుల సొసైటీది. నిన్ననే ఫోన్లో అడిగారు, పట్టినదానికి తూకం లెక్కన డబ్బు కట్టాలని ఒప్పందం. 2016-17 నుంచి సర్కారు ఉచితంగా వదిలే బొచ్చె, రోహు పిల్లలు పెరిగేది ఇలాంటి చెరువుల్లోనే. వాటిని మింగే కొర్రమట్టను మీరు తీస్తానంటే గట్టు మీది తాతకేం బాధ లేదు.

తామరాకుల మధ్య 'గుబుక్'. అక్కడికి కాదు, దాని అవతలికి విసరండి. కప్పను ఆకు మీదికి లాగి ఆపండి. రెండు చిన్న కుదుపులు. ఆకుల మధ్య నీళ్లు కనిపించే కంతలోకి దింపి మళ్లీ ఆపండి. నీళ్లు పేలతాయి! లాగకండి. ఒకటి, రెండు. దారం బరువెక్కాక ఇప్పుడు బలంగా. కర్ర వంగుతుంది, నాచుతో సహా కిలోకు తక్కువున్న కొర్రమట్ట గట్టుకొస్తుంది.

ఇంకాస్త అవతల నీళ్ల మీద ఎర్రటి చుక్కల గుంపు కదులుతోంది. కర్ర ఎత్తారు.

"ఆడ ఎయ్యకు తమ్మీ. పిల్లలవి. కింద తల్లీ తండ్రీ ఉంటయ్."

కప్ప అక్కడ పడితే చాలు, కాపలా చేప ఆలోచించకుండా మీద పడుతుంది. దాన్ని తీసేస్తే సాయంత్రానికి ఆ గుంపు మిగలదు. కర్ర దించి ఎర్రనీళ్ల వైపు నడవండి, కప్ప విప్పి రేకు కట్టండి. తాత వెనకాలే వచ్చాడు.

"గా రేకును చేప ఏమనుకుంటది?"

"ఏమీ అనుకోదు తాతా. ఆకలి లేకున్నా, మూతి ముందలికెళ్లి గిర్రున పోతుంటే ఊకోలేక కొరుకుతది."

"మా సంఘంల గూడ గసొంటోళ్లు ఇద్దరున్నరు" అని తాత బీడీ ముట్టించాడు.