మలుపులో చప్పుడు

తిన్నగా పోవునపుడు చప్పుడు చేయని కారు, మలుపు తిరుగగానే ముందుచక్రము వద్ద గరగరలాడును. కారణమేమి? జవాబు ఒక కీలు చరిత్రలో కలదు.

పెక్కు కార్లలో ఇంజను ముందుచక్రములనే త్రిప్పును. అవి దొర్లుటయేగాక పక్కలకును మళ్లవలెను. కావున వాటిని త్రిప్పు కడ్డీకి వంగెడి కీలు అవసరము. అట్టి కీలును 17వ శతాబ్దములో ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు రాబర్ట్ హుక్ వర్ణించెను. కాని అది వంగినపుడు, మొదటి కడ్డీ సమవేగముతో తిరిగినను, రెండవదాని వేగము ప్రతి చుట్టులో రెండుసార్లు హెచ్చి, రెండుసార్లు తగ్గును. వంపు పెరిగినకొలది కుదుపు పెరుగును.

1926లో అమెరికాలో ఆల్‌ఫ్రెడ్ జెప్పా ఈ చిక్కు విప్పెను. ఆయన కీలులో ఆరు ఉక్కుగుండ్లు గాడులలో కదలును. కీలు వంగినపుడు గుండ్లు ఆ కోణమును సరిగా సగము చేయు తలములో నిలుచును. అందుచే రెండు కడ్డీల వేగము సమానమగును. 1959లో బ్రిటనులో వెలువడిన మినీ కారు ఇట్టి కీలుతో నడిచెను. 1983లో మన దేశమున వచ్చిన మారుతి 800 కూడ ముందుచక్రములను త్రిప్పు కారే.

కీలులోని గ్రీజును ఒక రబ్బరు తొడుగు కాపాడును. అది చిరిగినచో గ్రీజు కారిపోయి, దుమ్ము చేరి, గాడులు అరుగును. మలుపులో కీలు ఎక్కువగా వంగును గనుక చప్పుడు అప్పుడే బయటపడును. ఖాళీ స్థలములో స్టీరింగును పూర్తిగా త్రిప్పి మెల్లగా నడుపుడు. టకటకమన్నచో కీలును, తిన్నగా పోవునపుడును గుర్రుమన్నచో చక్రపు బేరింగును, బ్రేకు నొక్కినపుడు గీరుకొన్నచో బ్రేకులను పరీక్షింపవలెను.

చిరుగును వెంటనే గమనించినచో తొడుగును, గ్రీజును మార్చిన చాలును. గాడులు అరిగిన పిదప కీలునే మార్చవలెను. ఉపేక్షించి కీలు విరిగినచో, ఇంజను తిరుగును గాని కారు కదలదు.