రంగంలో క్షవరం కత్తి, తడి సానరాయి

నేటి యాంగోన్‌ను, అంటే ఒకప్పటి రంగూన్‌ను, మన ఉత్తరాంధ్ర పెద్దలు 'రంగం' అనేవారు. కాకినాడ, విశాఖపట్నం రేవుల్లో ఓడెక్కి మనవాళ్ళు వేలాదిగా అక్కడికి వలస వెళ్ళారు. కాకినాడ దగ్గరి కోరంగి రేవు పేరు మీద వాళ్ళకు 'కోరంగీలు' అనే పేరు పడింది. 1931 జనాభా లెక్కల నాటికి రంగూన్ జనంలో సగానికి పైగా భారతీయులే. ఓడరేవు కూలీల గురించి, రిక్షా లాగినవారి గురించి చరిత్రలో కొంత రాశారు. ఆ జనానికి క్షవరం చేసినవారి గురించి రాసింది తక్కువ. అందుకే ఈ వారం వాళ్ళ పనిముట్ల గురించి చెప్పుకుందాం.

ఊళ్ళో అయితే క్షురకుడికి ఏడాదికోసారి ధాన్యం 'మేర'గా ముట్టేది. పట్నంలో పని చేస్తే రొక్కం. పెట్టుబడి అంతా పొదిలోనే ఉండేది: కత్తి, కత్తెర, సానరాయి, తోలు పట్టీ, నీళ్ళ గిన్నె. కత్తి మొద్దుబారితే ఆ పూట సంపాదన లేనట్టే.

నూరేటప్పుడు రాయి ఆరకూడదు. ఆరితే ఇనుప రజను రాయి సందుల్లో నిండిపోతుంది. అప్పుడు కత్తి జారుతుందే గాని అరగదు, వాదర మీద గీతలు పడతాయి. నీళ్ళు ఆ రజనును పైకి తేల్చి తీసేస్తాయి. అందుకే మధ్యమధ్య నాలుగు చుక్కలు చల్లుతూ ఉండాలి. కత్తి వెన్ను, వాదర రెండూ రాయికి ఆనించి వాదర ముందుగా నడపాలి. చివర తోలు మీద మాత్రం వెన్ను ముందుండాలి, లేకపోతే తోలు తెగుతుంది.

రాయికి మేలు చేసే నీరే కత్తికి శత్రువు. యాంగోన్‌లో మే నెలాఖరు నుంచి అక్టోబరు దాకా వానలే. నూరిన కత్తిని పొడిగా తుడిచి నూనె రాయకపోతే తుప్పు పడుతుంది.

1930 మే నెలలో తెలుగు ఓడరేవు కూలీల సమ్మె తర్వాత అల్లర్లు చెలరేగి వందమందికి పైగా చనిపోయారు. 1942లో జపాను దాడికి లక్షలమంది అడవుల గుండా నడిచి వచ్చారు. 1964లో దుకాణాలు జాతీయం కావడంతో మిగిలినవారిలోనూ చాలామంది తిరిగొచ్చారు. విశాఖలోని బర్మా క్యాంపు అలా వెలిసిందే. ఆస్తులు అక్కడే పోయాయి, చేతిలో పని ఉన్నవాడికి అదొక్కటే ఆధారమైంది.

ఎయిడ్స్ భయంతో సెలూన్లలో ఒకసారి వాడి పారేసే బ్లేడు వచ్చింది. అది మంచికే. కానీ దానితో పాటు నూరే విద్య మూలపడింది. మీ ఇంట్లో ఆ రాయి పట్టిన పెద్దలుంటే, సెలవుకు వెళ్ళినప్పుడు అడిగి రాసిపెట్టండి. మన వలసల చరిత్రలో వాళ్ళ పేర్లు ఇంకా చేరలేదు.