నైగమేషుడు: మేక మొహం మట్టి దేవుడు

మేక తల, మనిషి ఒళ్లు, కిందికి వేలాడే పొడవాటి చెవులు. ఉత్తర భారతంలో గుప్తుల కాలపు పొరల్లోనూ ఆ తర్వాతి పొరల్లోనూ దొరికే ఈ చిన్న మట్టి బొమ్మలు నైగమేషుడివని పండితులు గుర్తించారు. సంతానం కోసమో, పుట్టిన బిడ్డ బతకాలనో మొక్కుకున్నవాళ్లు సమర్పించినవని పరిశోధకుల అభిప్రాయం.

బొమ్మల కంటే పేరు చాలా పాతది. ఋగ్వేద ఖిలసూక్తాల్లో ఇతను నేజమేషుడు. ఆశ్వలాయన గృహ్యసూత్రం ఆ మంత్రాలను సీమంతంలో చదవమంటుంది. అందులో అతణ్ణి ముందు దూరంగా పొమ్మంటారు, వెంటనే మంచి కొడుకుతో తిరిగి రమ్మంటారు. భయం, ఆశ రెండూ ఒకే దేవుడి మీద. ఈ దేవుడి కథంతా ఆ రెంటి మధ్యనే నడిచింది.

భయం వైపు సుశ్రుత సంహిత ఉంది. పసిపిల్లలను పీడించే తొమ్మిది బాలగ్రహాల్లో పూతన, రేవతి వంటివాటితో పాటు నైగమేషుణ్ణి కూడా అది లెక్కపెట్టింది. మహాభారతం అరణ్యపర్వంలో మాత్రం అతను చల్లనివాడు. అగ్నిదేవుడే మేక మొహంతో నైగమేయుడై, ఆటవస్తువులతో లాలించినట్టు బాలస్కందుణ్ణి ఆడిస్తాడు. జైనుల కల్పసూత్రంలో ఇంద్రుడి ఆజ్ఞ మీద మహావీరుడి పిండాన్ని దేవానంద గర్భం నుంచి త్రిశల గర్భానికి చేర్చిన హరిణేగమేషి ఇతనే. మథుర కంకాళీ తిలాలో దొరికిన కుషాణుల నాటి రాతి ఫలకం మీద మేక తలతో కూర్చున్న ఈ మూర్తి పక్కన ‘భగవ నేమెసో’ అని పేరు చెక్కి ఉంది. మట్టి బొమ్మలను పోల్చుకోవడానికి ఇంతకన్నా గట్టి ఆధారం అక్కర్లేదు.

బరేలీ జిల్లా అహిచ్ఛత్రలో 1940–44 మధ్య జరిగిన తవ్వకాల్లో ఈ బొమ్మలు బయటపడ్డాయి. వాటిని పరిశీలించిన వాసుదేవశరణ్ అగ్రవాల్ అవి సుమారు క్రీ.శ. 450–650 నాటివని లెక్కగట్టారు. పాట్నా దగ్గరి కుమ్రహార్‌లో, కాశీ రాజ్‌ఘాట్‌లో కూడా ఇలాంటివి దొరికాయి. ఆడరూపాలూ ఉన్నాయి.

అచ్చులతో అందమైన మట్టి బొమ్మలు తీస్తున్న కాలమది. వీటిని మాత్రం చేత్తోనే చేశారు. మట్టిని వేళ్లతో నొక్కి ముక్కు తేల్చారు, దాని కింద ఒక గాటు పెడితే నోరైంది. చెవులకు రంధ్రాలో చీలికలో పెట్టారు. మొరటుగా కనిపిస్తాయని వీటిని తక్కువగా చూడటం తప్పు. శాస్త్రాలు పండితులు రాసినవి, మామూలు ఇళ్ల మొక్కులకు మిగిలిన సాక్ష్యం ఈ మట్టే.

ఏడో శతాబ్దం తర్వాత ఈ బొమ్మలు అరుదయ్యాయి. దేవుడు మాత్రం జైనుల దగ్గర నిలిచాడు. పశ్చిమ భారతంలో 15వ శతాబ్దంలో రాసిన కల్పసూత్ర చిత్రప్రతుల్లో జంతువు తలతోనే, చేతుల్లో పిండంతో కనిపిస్తాడు.