బిడియం మైనస్ రెండు

మూడు డైస్ కలిపి వేస్తే వచ్చే మొత్తం మూడుకీ పద్దెనిమిదికీ మధ్య ఎక్కడో ఉంటుంది. సగటు పదిన్నర. 1974లో గ్యారీ గైగాక్స్, డేవ్ ఆర్నెసన్ కలిసి తెచ్చిన ‘డంజన్స్ అండ్ డ్రాగన్స్’ ఆటలో ఒక పాత్ర పుట్టేది ఇట్లాగే. బలానికి ఒకసారి, తెలివికి ఒకసారి, ఓర్పుకి ఒకసారి, అట్లా ఆరు గుణాలకి ఆరుసార్లు డైస్ వేస్తారు. ఏ గుణానికైనా పద్దెనిమిది పడే అవకాశం 216లో ఒక్కటి. ఎవరి అదృష్టం వాళ్లది. చూడబోతే మన అష్టాచమ్మా అంత న్యాయంగానే ఉంది. అక్కడ కూడా గవ్వలు వేసే చెయ్యి ఎవరిదని గవ్వలు అడగవు కదా.

కానీ అదే ఆటలో డైస్ పక్కన ఇంకో కాగితం ఉంది. డ్వార్ఫ్ జాతిలో పుట్టినవాడు ఎంత గొప్ప అంకెలు వేసుకున్నా యోధుడిగా ఆరో మెట్టు దాటలేడు. 1978లో వచ్చిన ‘ప్లేయర్స్ హ్యాండ్‌బుక్’ ఈ సంగతిని ఇంకా శుభ్రంగా పట్టిక వేసింది. హాఫ్ ఆర్క్‌కి బలం ప్లస్ ఒకటి, ఓర్పు ప్లస్ ఒకటి, ఆకర్షణ మైనస్ రెండు. ఎల్ఫ్‌కి చురుకుదనం ప్లస్ ఒకటి, ఓర్పు మైనస్ ఒకటి. మనిషికి ప్లస్సూ లేదు, మైనస్సూ లేదు. అంటే మనిషే కొలబద్ద, మిగతావాళ్లంతా ఆ కొలబద్ద నుంచి తేడాలు. (అదే పుస్తకం ఆడపాత్రల బలానికి కూడా పైకప్పు వేసింది. ఆ గొడవ వేరే వ్యాసమవుతుంది.)

అంటే ఆటలో రెండు చేతులున్నాయి. డైస్ వేసే చెయ్యి ‘ఈ మనిషి ఎట్లాంటివాడో ఇంకా తెలీదు, చూద్దాం’ అంటుంది. పట్టిక రాసే చెయ్యి ‘వీడు ఎవరి బిడ్డో తెలిస్తే చాలు’ అంటుంది. ఫాంటసీ ఆటల చరిత్రంతా ఈ రెండు చేతుల మధ్య బేరమే. ఆ రెండో చెయ్యి మాత్రం ఆటలకంటే చాలా పాతది. నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో అది నిజం మనుషుల మీద పనిచేసింది, ఇంకా చేస్తోంది.

గైగాక్స్ మన గెజెటీర్లు చదివాడని కాదు. మనుషుల్ని జాతులుగా విడగొట్టి, జాతికొక స్వభావం రాసిపెట్టుకునే అలవాటు పందొమ్మిదో శతాబ్దపు చదువుల్లో అంతటా ఉంది. మన దగ్గర అది సర్కారీ పనైంది. 1901 జనాభా లెక్కల అధిపతి రిజ్లీ ముక్కు కొలతల్ని బట్టి కులాల ఎక్కువతక్కువలు చెప్పొచ్చని నమ్మినవాడు. మద్రాసు మ్యూజియం అధికారి ఎడ్గార్ థర్‌స్టన్ 1909లో దక్షిణాది కులాలు, తెగల మీద ఏడు సంపుటాలు అచ్చువేశాడు. 1920లో సయ్యద్ సిరాజుల్ హసన్ నిజాం రాజ్యంలోని కులాల మీద అట్లాంటిదే ఒక పెద్ద పుస్తకం తెచ్చాడు. ఈ పుస్తకాలు పనికిరానివని నేననను. పెళ్లిళ్లు, దేవుళ్లు, ఇంటిపేర్ల గురించి వాటిలో దొరికేది ఇంకెక్కడా దొరకదు. చిక్కల్లా వ్యాకరణంతోనే. ఆ వాక్యాల్లో కర్త ఎప్పుడూ మనిషి కాదు, జాతి. ఫలానా తెగ కష్టజీవి, ఫలానా తెగ పిరికిది, ఫలానా తెగకి దొంగతనం వృత్తి.

ఆ చివరి మాట పుస్తకంలోనే ఆగిపోలేదు. 1871లో ఉత్తరాదిన మొదలైన నేరస్థ తెగల చట్టం 1911 నాటికి మద్రాసు రాష్ట్రాన్నీ కలుపుకుంది. చట్టం ప్రకారం తెగ పేరు జాబితాలోకెక్కితే ఆ తెగలోని మనిషి వేలిముద్రలివ్వాలి, పోలీసు ముందు హాజరు వేయించుకోవాలి, ఊరు దాటాలంటే అనుమతి తెచ్చుకోవాలి. పిల్లల్ని తల్లిదండ్రుల నుంచి వేరుచేసి బడుల్లో పెట్టే అధికారం కూడా అందులో ఉంది. నేరం రుజువు కానక్కర్లేదు, పుట్టుక రుజువైతే చాలు. గుంటూరు జిల్లాలో ఎరుకలవాళ్ల కోసం సాల్వేషన్ ఆర్మీ నడిపిన స్టువర్టుపురం ఆ చట్టం కిందిదే.

హైదరాబాద్ రాజ్యం కూడా ఈ దారిలోనే నడిచింది. ఇక్కడ ఆ ముద్ర పడినవాళ్లలో లంబాడీలున్నారు. ఇవాళ దేవరకొండ చుట్టూ మీకు కనబడే తండాల పూర్వీకులు ఒకప్పుడు ఎద్దుల మీద ఉప్పు, ధాన్యం మోసిన సంచార వర్తకులు. దక్కన్‌కి దిగిన సైన్యాలకి తిండి చేరవేసింది వాళ్లే. 1874లో వాడి నుంచి సికింద్రాబాద్‌కి రైలొచ్చింది. రైళ్లూ రోడ్లూ పెరిగేకొద్దీ ఎద్దుల బిడారుకి పని తగ్గింది. బతుకుతెరువు పోయినవాళ్లని సర్కారు అనుమానితులుగా రాసుకుంది. భంగ్యా భుక్యా 2010లో తెచ్చిన ‘సబ్జుగేటెడ్ నొమాడ్స్’ ఈ కథనంతా విడమరిచి చెబుతుంది. చరిత్రలో జరిగిందేమో ఒక వ్యాపారం కూలిపోవడం, పట్టికలో పడిందేమో ఒక స్వభావం.

సర్కారుకి ఈ పట్టిక ఎందుకంత నచ్చింది? దీనికి జవాబు నాకు ఒక కంప్యూటర్ ఆటలో బాగా అర్థమైంది. 1993లో వచ్చిన ‘మాస్టర్ ఆఫ్ ఓరియన్’లో సైలాన్ అనే జాతి పరిశోధనలో ఎప్పుడూ అందరికన్నా ముందుంటుంది, అది మారదు. కానీ ప్రతి జాతి నాయకుడి స్వభావాన్ని ఆట మొదట్లో కంప్యూటర్ కొంత లాటరీ వేసి నిర్ణయిస్తుంది. ఒక్కోజాతికి ఒక్కో మొగ్గు ఉన్నా, ఈసారి వచ్చినవాడు శాంతికాముకుడో, క్రూరుడో, మాట మీద నిలబడేవాడో ముందే చెప్పలేం. ఇది దయతో పెట్టింది కాదు. స్వభావం ఎప్పుడూ ఒకటే అయితే మూడో ఆటకల్లా ఆడేవాడు ఎవర్నీ పలకరించకుండానే యుద్ధానికి సిద్ధమైపోతాడు, ఆటలో మజా చస్తుంది. లాటరీ ఉంటే రాయబారిని పంపాలి, మాట్లాడాలి, కనిపెట్టాలి. పట్టిక ఇచ్చే లాభం సరిగ్గా దీనికి తలకిందులు: ఎదుటివాణ్ని చూడకుండానే వాడితో ఎట్లా మెలగాలో తేల్చేసుకోవచ్చు. నలుగురు జవాన్లతో వంద పల్లెల్ని కాయాల్సిన పోలీసు ఠాణాకి ఇంతకంటే ఏం కావాలి?

లాటరీ పెట్టినంత మాత్రాన పట్టిక రాసేవాడి చెయ్యి పడిపోదు. ‘సివిలైజేషన్ ఫైవ్’లో నాయకుల గుణాలకి పదింటికి మార్కులుంటాయి, ఆట మొదట్లో అవి రెండు పైకో కిందికో జరుగుతాయి. గాంధీకి అణుబాంబుల మోజు పన్నెండు అని సరదాకి రాసిపెట్టారు. రెండు తగ్గినా పదికి పది. డైస్ వేసినట్టే ఉంటుంది, ఫలితం మాత్రం మారదు. దీనికి ఎదురుగా ‘డ్వార్ఫ్ ఫోర్ట్రెస్’ని పెట్టి చూడండి. అక్కడ ఒక్కో డ్వార్ఫ్‌కి కోపం, ఆశ, సిగ్గు వంటి డజన్ల కొద్దీ లక్షణాలు సున్నా నుంచి వంద దాకా ఎక్కడైనా పడొచ్చు. జాతి ఇచ్చేది ఒక మధ్య అంకెని మాత్రమే. నూరుమందిలో ఏ ఇద్దరూ ఒకేలా ఉండరు. థర్‌స్టన్ సంపుటాలు చదివాక ఈ ఆట పట్టిక నాకు ఎక్కువ మర్యాదగా కనిపించింది.

ఇక మహబూబ్‌నగర్ జిల్లా దక్షిణం కొసన ఉన్న అమ్రాబాద్ పీఠభూమికి రండి (ఇప్పుడది నాగర్‌కర్నూల్ జిల్లా). 1939లో ఆస్ట్రియా నుంచి వచ్చిన క్రిస్టఫ్ ఫాన్ ఫ్యూరర్ హైమెన్‌డార్ఫ్ చేతిలో జర్మన్ పాస్‌పోర్టు ఉండటంతో, యుద్ధం మొదలవగానే బ్రిటిషువాళ్లు అతన్ని హైదరాబాద్ రాజ్యం దాటనివ్వలేదు. అట్లా అతను నల్లమల చెంచుపెంటల్లో మకాం పెట్టి, 1943లో చెంచుల మీద పుస్తకం వేశాడు. దక్కన్ అడవి మనుషులు అనేది దాని ఉపశీర్షిక. ఆ పేరులో పట్టిక వాసన ఉంది. కానీ మనుషుల మధ్య ఉండి, చూసి రాసిన పుస్తకం. నిజాం సర్కారుకి సలహాదారుగా అతను చేసిన పని గిరిజనుల భూమికి కొంత రక్షణ తెచ్చింది కూడా.

దేశం మారింది. 1952 ఆగస్టు 31న నేరస్థ తెగల చట్టం రద్దయింది. నేరం అన్న గడి కొట్టేశారు, కానీ పట్టిక మిగిలింది, ఈసారి మేలు చేయడానికి. 1965లో లోకూర్ కమిటీ షెడ్యూల్డు తెగని గుర్తుపట్టడానికి ఐదు లక్షణాలు చెప్పింది: ఆదిమ లక్షణాలు, ప్రత్యేకమైన సంస్కృతి, భౌగోళికంగా విడిగా ఉండటం, వెనకబాటుతనం, ఇంకా బయటి సమాజంతో కలవడానికి బిడియం. నాలుగూ సరే, ఐదోది చూడండి. బిడియం! ఒక మనిషికి ఉండే గుణాన్ని లక్షలమందికి కలిపి అంకె వేసినట్టు. హాఫ్ ఆర్క్‌కి ఆకర్షణ మైనస్ రెండు అని రాసినవాడికీ దీనికీ తేడా, ఇక్కడ ఆ మైనస్ ఉంటేనే హక్కులు దొరుకుతాయి. హైదరాబాద్‌లో కోచింగ్ తీసుకుని, మైకు ముందు గంటసేపు మాట్లాడగల కుర్రాడు తన జాతి బిడియస్తురాలని అర్జీలో రుజువు చేసుకోవాలి.

మరి డైస్ మాటేంటి? అది 1956 నవంబర్ 1న పడింది. ఆ రోజు హైదరాబాద్ రాష్ట్రాన్ని మూడు ముక్కలు చేశారు. మహబూబ్‌నగర్, నల్లగొండ ఆంధ్రప్రదేశ్‌లోకి, రాయచూరు మైసూరులోకి, మరాఠ్వాడా బొంబాయిలోకి పోయాయి. గోర్ బోలీ మాట్లాడే అవే కుటుంబాలు ఇవాళ కర్ణాటకలో షెడ్యూల్డు కులం, మహారాష్ట్రలో విముక్త జాతి. తెలంగాణలో 1976 చట్ట సవరణతో షెడ్యూల్డు తెగ అయ్యారు. నారాయణపేట దాటి యాద్గిర్ వైపు పిల్లనిస్తే కాగితం మీద అమ్మాయి జాతి మారదు, పుట్టబోయే బిడ్డది మారుతుంది. ఈ తేడాలో ఎవరి గుణమూ లేదు. సరిహద్దు గీసినవాళ్ల మనసులో లంబాడీలు లేనే లేరు.

అందుకే ఇప్పుడు జనమే పాత పట్టికలు పట్టుకుని తిరుగుతున్నారు. 2017 నుంచి ఆదిలాబాద్ వైపు ఆదివాసులు లంబాడీల పేరు జాబితా నుంచి తీసేయమని ఉద్యమించారు. వాళ్ల భయం ఉత్తిది కాదు, ఉద్యోగాలూ భూములూ లెక్కలోనివే. 2025లో మరాఠ్వాడా బంజారాలు నిజాం కాలం నాటి హైదరాబాద్ గెజెట్ చూపించి తమనీ తెగల్లో చేర్చమని ఊరేగింపులు తీశారు. ఒకప్పుడు వాళ్ల తాతలకి ముద్రేసిన సర్కారు కాగితమే ఇప్పుడు సాక్ష్యం.

ఆటవాళ్లు మాత్రం గొడవ తేల్చుకున్నారు. 2020లో ‘టాషాస్ కాల్డ్రన్ ఆఫ్ ఎవ్రీథింగ్’ పుస్తకం ప్లస్సుల్ని ఆడేవాళ్లు ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోనిచ్చింది. 2024 హ్యాండ్‌బుక్‌లో ‘రేస్’ అనే మాటే తీసేసి ‘స్పీషీస్’ అన్నారు, అంకెల్ని జాతి నుంచి తీసి పాత్ర పెరిగిన నేపథ్యానికి ఇచ్చారు. ఓడరేవులో పెరిగాడా, గుడిలో పెరిగాడా, చూసేది అదే. మన ప్రభుత్వం కూడా 2006లో ఒక పేరు మార్చింది. అప్పటిదాకా ‘ఆదిమ తెగలు’ అన్న జాబితా ‘ప్రత్యేకంగా బలహీనమైన తెగలు’ అయింది. చెంచులు రెండింటిలోనూ ఉన్నారు.

గద్వాల, మక్తల్ వైపు వాల్మీకి బోయలది ఇదే కథ. సరిహద్దు దాటితే రాయచూరులో వాళ్ల బంధువులు నాయక పేరుతో షెడ్యూల్డు తెగ, ఇవతల వీళ్లు బీసీ-ఏ. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ అసెంబ్లీ వీళ్లనీ తెగల్లో చేర్చాలని తీర్మానం చేసి ఢిల్లీకి పంపింది. అట్లాంటి ఫైలు మొదట రిజిస్ట్రార్ జనరల్ ఆఫీసుకి వెళ్తుంది. అక్కడ దాన్ని 1965 నాటి ఐదు లక్షణాలతో సరిపోల్చి చూస్తారు, బిడియంతో సహా.